వైన్ రుచి, 5వ పాఠం: వాసనలో తీపి, నాలుక మీద తీపి

పోయినసారి ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతపు రీస్లింగ్ (ఓ తెల్లద్రాక్ష, దాంతో చేసే వైన్) రుచి చూసి రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా "కాస్త తియ్యగా ఉంది" అనే ఉంది. మీ సీసాల మీద 'సెక్' అని ఉంది, అంటే డ్రై, తీపి లేనిది. అందుకే ఇవాళ కొత్త వైన్ ఎత్తుకోవడం లేదు. గ్లాసు పట్టుకోవడం, తిప్పడం మీకు వచ్చు, అవీ వదిలేస్తున్నాను.

మామిడిపళ్లు మాగబెట్టిన గదిలోకి వెళ్లగానే నోరూరుతుంది. నోట్లో చక్కెర రవ్వంత కూడా లేదు, అయినా తీపి అనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఆ వాసన, ఆ తీపి కలిసే వచ్చాయి కాబట్టి మెదడు రెండింటినీ ముడేసుకుంది. రీస్లింగ్‌లోని పళ్ల వాసన చేసేదీ అదే. గ్లాసు మంచినీళ్లలో రెండు చుక్కలు పన్నీరు (గులాబీ నీరు) వేసి తాగండి, తియ్యగా అనిపిస్తుంది. ముక్కు మూసుకుని తాగండి, ఉత్త నీళ్లే. వైన్ కూడా మొదటి గుక్క ముక్కు మూసుకునే తాగండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

యూరప్ నిబంధన ప్రకారం లీటరుకు 4 గ్రాముల వరకు చక్కెర ఉంటే డ్రై. పులుపు తీపిని కప్పేస్తుంది కాబట్టి, అది తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. అల్సాస్‌లో తీపి స్థాయిని సీసా మీద రాయడం 2021 పంట నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు సీసాలకు తయారుచేసే కుటుంబం పద్ధతే గుర్తు. రిబోవిలేలోని ట్రింబాక్ కుటుంబాన్నే చూడండి. 1626 నుంచి ఇదే పని, డ్రై వైన్లకు పెట్టింది పేరు. పులుపును మెత్తబరిచే రెండో పులియబెట్టడం వాళ్లు జరగనివ్వరు. వాళ్ల 'క్లో సెంత్ ఉన్' అనే రీస్లింగ్ పక్కనే ఉన్న ఉనావిర్ ఊళ్లో, సున్నపురాయి నేలలో, 1.67 హెక్టార్ల తోట నుంచి వస్తుంది. సీసాల్లో నింపాక కొన్నేళ్లు తమ దగ్గరే ఉంచి, తర్వాతే అమ్ముతారు.

ఒకరు పాత రీస్లింగ్ "కిరసనాయిలు కంపు కొడుతోంది, పాడైంది" అని సింకులో పారబోశారట. చదివి ప్రాణం ఉసూరుమంది. ముందే చెప్పకపోవడం నా తప్పు. ఎండ బాగా తగిలిన రీస్లింగ్ పళ్లలో ఏర్పడిన పదార్థాల నుంచి, వైన్ సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టీడీఎన్ అనే రసాయనం పుడుతుంది. ఆ వాసన దానిదే. కార్క్ వల్ల పాడైన వైన్ వాసన తడిసిన అట్టపెట్టెలా, బూజులా ఉంటుంది. ఈ రెండూ కలగాపులగం చేసుకోకండి.

ఇంకో మాట. ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగకండి. అరగంట బయట పెట్టండి, 10-12 డిగ్రీలకు రావాలి. ఐస్ బకెట్ నాకు నచ్చదు, వాసనంతా చచ్చిపోతుంది.

సాధన: నాలుగు సీసాల్లో లీటరు చొప్పున నీళ్లు పోయండి. ఒకటి ఉత్తది. రెండోదాంట్లో 4 గ్రాముల చక్కెర, అంటే దాదాపు ఒక చిన్న చెంచా. మూడోదాంట్లో 8 గ్రాములు. నాలుగోదాంట్లో 8 గ్రాములతో పాటు రెండు నిమ్మకాయల రసం. ఒక్కో సీసాలోంచి ఒక్కో గ్లాసులో పోసి, గ్లాసుల అడుగున ఇంట్లోవాళ్ల చేత సీసా అంకెలు వేయించి, మీరు చూడకుండా వరస మార్పించండి. ముక్కు మూసుకుని రుచి చూసి, ఏది ఎంత తీపో రాయండి. మూడు రోజులు, రోజుకు మూడుసార్లు. నిమ్మరసం కలిపిన గ్లాసులోనూ 8 గ్రాములున్నాయని వరసగా మూడుసార్లు పట్టుకున్నాకే రీస్లింగ్ సీసా మూత తీయండి.