ఆసన సాధన – 5వ పాఠం: పక్క చాప మీద చూపు

పోయిన పాఠంలో దండాసనంలో, అంటే కాళ్లు ముందుకు చాపి నిటారుగా కూర్చుని, వెన్ను నిలపడం చూశాం. ఈసారి అక్కడి నుంచే ముందుకు, పాదాల వైపు వంగే పశ్చిమోత్తానాసనం. పక్కవాళ్లతో పోల్చుకునే జబ్బు బాగా బయటపడేది ఇందులోనే. కాలి వేళ్లు అందాయో లేదో పక్కవాళ్లకీ ఇట్టే తెలిసిపోతుంది మరి.

అందడం వేరు, ఆసనం కుదరడం వేరు. చేతులు పొడుగ్గా, కాళ్లు పొట్టిగా ఉన్నవాళ్లు తుంటి పెద్దగా కదపకుండానే పాదాలు పట్టేస్తారు. పొడుగు కాళ్లవాళ్లు చక్కగా వంగినా చీలమండల దగ్గరే ఆగిపోవచ్చు. పద్మాసనంలోనూ అంతే. తొడ ఎముక తల ఇమిడే గుంట లోతు, దిశ అందరికీ ఒకేలా ఉండవు. తుంటి తిరగకపోయినా పాదాన్ని లాగి పెడితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. అది ప్రధానంగా మడిచి చాపడానికి ఉన్న కీలు, అంత మెలి ఓర్చుకోదు.

ఇక సాధన. అద్దం ఉంటే దానికి వీపు పెట్టండి. దుప్పటిని నాలుగు వేళ్ల మందాన మడిచి దాని అంచు మీద కూర్చోండి, కటి ముందుకు ఒరగడం తేలికవుతుంది. మోకాళ్ల వెనక పట్టేస్తుంటే తువ్వాలు చుట్టి కింద పెట్టండి. కళ్లు మూసుకోండి. 4 లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి వెన్ను సాచండి. 6 లెక్కపెడుతూ వదిలి, తుంటి దగ్గర వంగండి. చేతులు మోకాళ్ల మీద ఆగితే మోకాళ్ల మీదే. అలా 8 శ్వాసలు.

మీ కొలత శ్వాసే. 6 దాకా రావాల్సిన నిశ్వాస 4కే తెగిందంటే హద్దు దాటారు, రెండు వేళ్ల మేర వెనక్కి రండి. సాధారణంగా మూడో నాలుగో శ్వాసకి ‘ఇంకాస్త’ అనిపించి చేయి పాదాన్ని లాగుతుంది. అప్పుడు భుజాలు చెవుల దాకా లేస్తాయి, దవడ బిగుస్తుంది, నడుం గుండ్రంగా వంగి తొడ వెనక కండరాల సాగుదల కాస్తా వెన్ను మీదికి మళ్లుతుంది. పిరుదు ఎముక దగ్గర సూటిగా పొడిచినట్టుంటే అక్కడితో ఆపేయండి. అది కండరం ఎముకకి అతుక్కునే చోటు, దెబ్బ తింటే మానడానికి నెలలు పట్టొచ్చు. డిస్క్ (వెన్నుపూసల మధ్య మెత్త) సమస్య, సయాటికా (నడుం నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా ఈ ఆసనం జోలికి పోవద్దు.

పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక యోగాన్ని చెడగొట్టేవి ఆరు అని చెప్పి, అతిగా తినడం తర్వాత ప్రయాసనే, అంటే మితిమీరిన శ్రమనే చెప్పింది. మన ఆసన పోటీలు చూస్తే ఆ వరుస సబబే అనిపిస్తుంది.

నిన్నటి మీతో పోల్చుకోవడం మంచిదేగా అంటారు కొందరు. అదీ అంత నమ్మదగ్గ లెక్క కాదు. రాత్రి పడుకున్నప్పుడు వెన్ను డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి కాబట్టి పొద్దున్నే వంగడం కష్టం, సాయంత్రానికి సులువు.

గుంపులో చేస్తూ చూపు పక్కకి పోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. తర్వాతి నిశ్వాసలో రెండు మడమల బరువు నేల మీద సమానంగా ఉందో లేదో గమనించండి, చాలు.

7 రోజులు నోటు పుస్తకంలో రెండే రాయండి: నిశ్వాస ఎన్ని అంకెలు నిలిచింది, ఒళ్లు ఎక్కడ బిగిసింది. చేయి ఎంత దూరం వెళ్లిందో రాయొద్దు. వచ్చే పాఠం ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం. అందులో కళ్లు తెరిచే ఉండాలి కాబట్టి, చూపు ఎక్కడ నిలపాలో అప్పుడు చూద్దాం.