హైదరాబాద్ మ్యూజియాలు: ఏ రోజు, ఏ వరుసలో

శుక్రవారం పెట్టుకోకండి. సాలార్‌జంగ్, నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, మూడింటికీ ఆ రోజే సెలవు.

ఎంజీబీఎస్ మెట్రోలో దిగి, ఉదయం గేటు తీసేసరికి సాలార్‌జంగ్ చేరండి. సంగీత గడియారంలోంచి గడ్డం బొమ్మ గంటగంటకూ వచ్చి గంట కొడుతుంది. పన్నెండుకి 12 దెబ్బలు కాబట్టి జనం మూగుతారు, వెనక నిలబడితే తలలే కనిపిస్తాయి. పదకొండుకే చూసేయండి, పది నిమిషాల ముందే కూర్చోండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కగా మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్న ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర మాత్రం తొందరపడొద్దు. పలచటి ముసుగులోంచి ముఖం కనిపిస్తుంది, అదంతా పాలరాయే! చుట్టూ తిరిగి చూడండి. గోథే నాటకం ఫౌస్ట్‌లోని దెయ్యం మెఫిస్టోఫిలిస్ కొయ్యబొమ్మకి వెనకవైపు అదే నాటకంలోని అమ్మాయి మార్గరెట్టా ఉంటుంది, వెనకున్న అద్దంలో కనిపిస్తుంది. చాలామంది ముందువైపే చూసి వెళ్లిపోతారు.

అక్కణ్నించి నిజాం మ్యూజియం ఉన్న పురానీ హవేలీకి ఆటో. ఆరో నిజాం బట్టల బీరువాలు, ఏడో నిజాం రజతోత్సవ కానుకలు చూడ్డానికి గంట చాలు.

బిర్లా సైన్స్ మ్యూజియం, స్టేట్ మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీ మరో రోజుకి ఉంచండి. రెండూ అసెంబ్లీ మెట్రోకి దగ్గరే.