కెరీర్ టెస్ట్ స్కోరునీ మనిషి కథనీ కలిపి ఎలా చూడాలి?

టెస్ట్ రాయించి, రిపోర్ట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టి పంపించేస్తే అది కౌన్సెలింగ్ అవ్వదండి. అలాగని గంటసేపు మాట్లాడించి టెస్టే అక్కర్లేదనడమూ కరెక్ట్ కాదు. రెండూ కావాలి, కాకపోతే ఏది ముందు ఏది వెనక అన్నది చాలా ముఖ్యం.

ముందు కథ. స్కోరు చూపించకముందే అడగాలి, ఎందుకంటే ఒకసారి రిపోర్ట్ చూశాక మనుషులు తమ గతాన్ని కూడా దానికి తగ్గట్టే సర్దుకుని చెప్పేస్తారు. ఏం అడగాలో తోచకపోతే అమెరికన్ సైకాలజిస్ట్ మార్క్ సావికాస్ వాడే ప్రశ్నలు బాగా పనికొస్తాయి: చిన్నప్పుడు ఎవర్ని చూసి ఇలా ఉండాలనుకున్నావ్, ఏ పత్రికలు, ఏ షోలు వదలకుండా చూస్తావ్, ఇప్పుడు బాగా నచ్చిన కథేంటి, నీకు నువ్వు చెప్పుకునే మాటేంటి, బాగా చిన్నప్పటి జ్ఞాపకాలు ఏం గుర్తున్నాయ్. వాళ్ల మాటలు వాళ్లన్నట్టే రాసుకోండి.

తర్వాత టెస్ట్. మనుషుల ఇష్టాల్నీ ఉద్యోగాల్నీ జత చేస్తూ అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ హాలండ్ 1959లో చెప్పిన థియరీ మీద నడిచే టెస్ట్ ఏదైనా సరే, అందులో ఆరు రకాలుంటాయి: చేతిపని, పరిశోధన, కళ, మనుషులకి సాయం, నడిపించడం, పద్ధతిగా లెక్కాపత్రం చూసుకోవడం. ఎక్కువొచ్చిన మూడూ కలిపి కోడ్ అంటారు. అలాంటి టెస్టే అయిన అమెరికా ప్రభుత్వపు ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ ఆన్‌లైన్‌లో ఫ్రీగానే దొరుకుతుంది, షార్ట్ ఫామ్‌లో 60 ప్రశ్నలే. ఇది కొలిచేది ఇష్టాన్ని, టాలెంట్‌ని కాదు, ఈ మాట మాత్రం రాసినవాళ్లకి తప్పకుండా చెప్పండి.

ఇక అసలు పని ఇక్కడే ఉంది. కోడ్‌లో ఒక్కో రకం పట్టుకుని, "ఇది నీలో ఎప్పుడు కనిపించింది, ఒక సంగతి చెప్పు" అనండి. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయికి లెక్కాపత్రం మొదటొచ్చింది, మొహం వాడిపోయింది, "అంటే నేను ఫైళ్లు సర్దుకోవాలా?" అంది. సంగతి చెప్పమంటే కాసేపు ఆలోచించి, పన్నెండేళ్లప్పుడు వాళ్లమ్మకి జబ్బు చేస్తే నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో గళ్లు గీసి ఏ మందు ఎన్నింటికో రాసి, వేసుకోగానే టిక్ పెట్టేదాన్నని చెప్పింది. ఆ అమ్మాయికి పద్ధతంటే ఫైళ్లు కాదు, ఒక మనిషిని జాగ్రత్తగా చూసుకోవడం! కోడ్‌లో రెండోది సాయమే, రెండూ పక్కపక్కన పెట్టాక హాస్పిటల్ మేనేజ్‌మెంట్, పేషెంట్ రికార్డులు లాంటి దారులు తనే చెప్పడం మొదలెట్టింది.

కథ ఒకటి, స్కోరు ఇంకోటి చెప్తే కంగారుపడి ఏదో ఒకదాన్ని కొట్టేయకండి. అసలు ఆ పని చేసే ఛాన్సే రాలేదా, ఇంట్లోవాళ్లకి నచ్చేట్టు టెస్టులో టిక్కులు పెట్టారా అని మెల్లగా అడగండి, జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

చివర్లో రెండు మూడు దారులు రాయించి, ఒక్కోదానికీ ఆ పని చేస్తున్నవాళ్లని ఒకర్ని కలిసి మాట్లాడమనండి. తేదీ వాళ్లనే వేసుకోమనండి, తర్వాతి సిట్టింగ్ ఆ తేదీ అయ్యాకే పెట్టుకోండి.