గాయం పతకం రావాల్సిన ఇల్లు మీదైతే ఏం చేయాలి

మా చిన్నాన్నకి సైన్యంలో ఉండగా కశ్మీర్‌లో ఉగ్రవాదుల కాల్పుల్లో తొడకి బుల్లెట్ తగిలింది. ఇరవై ఏళ్లు దాటాక, పోయినేడాది తెలిసింది మాకు, ఆయనకి ఒక పతకం రావాల్సి ఉందని. మన శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాస వైపు ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి, అందుకే రాస్తున్నాను.

దాని పేరు పరాక్రమ్ పదక్, ఫౌజీలు వూండ్ మెడల్ అంటారు. శత్రువు దాడిలోనో ఉగ్రవాదులతో పోరులోనో నేరుగా గాయపడినవాళ్లకి ఇస్తారు. ఎంత సాహసం చేశారని అడగరు, గాయం ఎలా తగిలిందన్నదే చూస్తారు. మామూలు డ్యూటీలో జీపు బోల్తాపడితే రాదు.

సాహసానికి ఇచ్చే కీర్తి చక్ర, శౌర్య చక్రల దారి వేరు. సంతబొమ్మాళి మండలం నగిరిపెంట నుంచి వెళ్లిన మేజర్ మల్ల రామగోపాల్ నాయుడికి 2024లో కీర్తి చక్ర ప్రకటించినప్పుడు ఊళ్లో కొందరు "మనమూ అప్లికేషన్ పెడదాం" అన్నారు. అలా కుదరదు, వాటికి పై అధికారులే సిఫార్సు రాయాలి. పోలీసు కుటుంబాలైతే పతకాల సంగతి ఎస్పీ ఆఫీసులో అడగండి.

ముందు డిశ్చార్జి బుక్కు, అంటే సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చిన పుస్తకం, తీయండి. అందులో పతకాలు రాసే చోట ఏముందో, మెడికల్ బోర్డు (సైన్యం డాక్టర్ల బృందం) కాగితాల్లో గాయానికి కారణం ఏం రాశారో చూడండి. "బ్యాటిల్ క్యాజువాల్టీ" (పోరులో తగిలిన గాయం) అని ఉంటే ఆ కాగితం బంగారం, నాలుగు జిరాక్సులు తీయించండి, ఫోన్‌లో ఫొటో కూడా ఉంచండి. 2018లో తిత్లీ తుఫానుకి పెట్టెలో కాగితాలు ముద్దయిపోయిన ఇళ్లు నేను చూశాను.

తర్వాత పేరు. అసలు టెన్షన్ ఇక్కడే. మనకి ఇంటిపేరు ముందుంటుంది, సైన్యం రికార్డులో అది వెనక్కి పోతుంది, లేదా ఒక్క అక్షరమే మిగులుతుంది, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు బుక్కులో మరోలా ఉంటుంది, మా చిన్నాన్న పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంది. భార్య పేరు కూడా తప్పకుండా సరిచూడండి, ఆ సైనికుడు చనిపోయిన ఇంట్లో రికార్డులో వారసురాలిగా ఉన్నది ఆమే కదా. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోండి.

ఇక ఉత్తరం. ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్, గాయపడిన తేదీ, చోటు, చేర్పించిన ఆసుపత్రి, ఇవన్నీ రాసి ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి, అంటే సైనికుల రికార్డులు ఉంచే చోటికి, పంపాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది, ఎలా రాయాలో కూడా వాళ్లు చెబుతారు. నెలలు గడిచినా జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి పతకం ఇప్పిస్తాం, ఇంత పంపండి అంటే ఒక్క రూపాయి కూడా పంపకండి.

ప్రాణం పోయినవాళ్ల పతకాలని సభలకి ఇంట్లోవాళ్లు పెట్టుకోవచ్చు, కాకపోతే ఛాతీకి కుడివైపు. ఎడమవైపు సంపాదించినవాళ్లది.

చిన్నాన్న ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లింది. రసీదు ఆయన డిశ్చార్జి బుక్కులోనే పెట్టుకున్నారు.