మింగిందా, చంపిందా? మాక్రోఫేజ్‌లతో జెంటామైసిన్ పరీక్ష చేసే పద్ధతి

మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే రక్షణ కణం) బ్యాక్టీరియాను మింగడం ఒక పని, లోపల దాన్ని చంపి అరిగించుకోవడం ఇంకో పని. రెండింటినీ నడిపే సంకేతాలు వేరు. ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ దొర్లే తప్పు ఇక్కడే: ఒక్కసారి కాలనీలు (ఒక్కో బతికున్న బ్యాక్టీరియా నుంచి పెరిగే చుక్కలు) లెక్కపెట్టి ‘ఫాగోసైటోసిస్ (మింగడం) తగ్గింది’ అని రాసేస్తారు. తక్కువ మింగినా కాలనీలు తగ్గుతాయి, మింగినవాటిని తొందరగా చంపినా తగ్గుతాయి. అందుకే కనీసం రెండు సమయాల్లో లెక్క తీయాలి.

సూత్రం సులువే. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బతికున్న కణంలోకి చాలా నెమ్మదిగా వెళ్తుంది. బయట మిగిలిన బ్యాక్టీరియా చస్తుంది, లోపలికి పోయినది దాని బారిన పడదు. తర్వాత కణాన్ని పగలగొట్టి, బయటికొచ్చినవాటిని ఎల్‌బీ అగార్ (పోషకాలున్న జెల్లీ) మీద పెంచి లెక్కిస్తాం.

ముందురోజు 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటులో వెల్‌కు 2 లక్షల రా 264.7 కణాలు (ఎలుక మాక్రోఫేజ్ రకం) వేయండి. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం వీటిని సరఫరా చేస్తుంది. మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) డీఎంఈఎం, 10 శాతం సీరం, పెన్-స్ట్రెప్ (పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ యాంటీబయాటిక్‌లు) మాత్రం వద్దు. అలవాటుగా అది కలిపేసి, మర్నాడు ప్లేట్లు ఖాళీగా ఉన్నాయని తల పట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. రాత్రికి రాత్రే కణాలు దాదాపు రెట్టింపవుతాయి. కాబట్టి ఉదయం ఒక వెల్‌ను బలిచేసి లెక్కపెట్టండి.

బ్యాక్టీరియాకు ఇ.కోలి డీహెచ్5 ఆల్ఫా అనే ల్యాబ్ రకం చాలు. 600 నానోమీటర్ల కాంతి దగ్గర ఓ.డి. (కల్చర్ మసక కొలత) 1 ఉంటే మి.లీ.కు సుమారు 80 కోట్లు. వెల్‌లో 4 లక్షల కణాలుంటే, కణానికి 10 చొప్పున 40 లక్షల బ్యాక్టీరియా కావాలి. ఓ.డి. 1 కల్చర్‌ను పీబీఎస్ (బఫర్ కలిపిన ఉప్పునీరు)తో కడిగి, మీడియంలో 100 రెట్లు పలచన చేసి, వెల్‌కు అర మి.లీ. పోస్తే సరిగ్గా అంతే వస్తుంది. యంత్రానికీ యంత్రానికీ ఓ.డి. మారుతుంది. పోసిన ద్రావణాన్ని కూడా ఒక ప్లేటు మీద పరిచి అసలు సంఖ్య తేల్చుకోండి.

సీరంతో పూత పూసి పంపాలనుకుంటే జాగ్రత్త. తాజా సీరంలోని కాంప్లిమెంట్ (బ్యాక్టీరియాను చంపే ప్రొటీన్ల గుంపు) ఈ రకం ఇ.కోలిని తానే చంపేస్తుంది, ఆ పుణ్యం మాక్రోఫేజ్ ఖాతాలో పడుతుంది. 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచిన సీరమే వాడండి.

ప్లేటును 200 జి దగ్గర 5 నిమిషాలు తిప్పితే బ్యాక్టీరియా అంతా ఒకేసారి కణాల మీదికి దిగుతుంది. తర్వాత 37 డిగ్రీల వద్ద 30 నిమిషాలు. గోరువెచ్చని పీబీఎస్‌తో మూడుసార్లు కడగండి. చల్లటిది పోస్తే, అందులోనూ పిపెట్ ధారను నేరుగా కణాల మీదికి వదిలితే, కణాలు ఊడొచ్చేస్తాయి. బెంగళూరు డిసెంబరు ఉదయాల్లో బల్ల మీదున్న పీబీఎస్ ‘రూమ్ టెంపరేచర్’ అంటే చల్లటిదే. వాటర్ బాత్‌లో పెట్టి తీయండి, ధార వెల్ గోడ మీదుగా జారనివ్వండి.

ఇప్పుడు మి.లీ.కు 100 మైక్రోగ్రాముల జెంటామైసిన్, ఒక గంట. అప్పుడు సగం వెల్స్‌ను కడిగి, 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (డిటర్జెంట్) ఒక మి.లీ. పోసి 10 నిమిషాల్లో కణాలను పగలగొట్టండి. మిగతా వెల్స్‌లో మందును 10 మైక్రోగ్రాములకు తగ్గించి, 4 గంటలకు అదే పని చేయండి. తగ్గించకపోతే సమయం గడిచేకొద్దీ మందు లోపలికీ చేరి, కణం చేయని హత్యను దాని మీద వేస్తుంది.

లెక్క ఇలా. 100 రెట్లు పలచన చేసి 0.1 మి.లీ. పరిస్తే 84 కాలనీలు వచ్చాయనుకోండి: 84 × 100 × 10, అంటే వెల్‌కు 84,000. పోసిన 40 లక్షల్లో 2.1 శాతం. అదే 4 గంటలకు 6,300 మిగిలితే, గంటకు లోపల దొరికినవాటిలో 92.5 శాతం చచ్చాయన్నమాట. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లనే నమ్మండి.

మింగడం, చంపడం నడిపే సంకేతాలను పరీక్షించేది నిరోధకాలతో. బ్యాక్టీరియా పోయకముందు 30 నిమిషాలు ఇవ్వాలి, డీఎంఎస్ఓ (నిరోధకాన్ని కరిగించే ద్రావకం) మాత్రమే ఇచ్చిన వెల్స్ పక్కనే ఉండాలి. సైటోకలాసిన్ డి (2 మైక్రోమోలార్) యాక్టిన్‌ను, అంటే కణం పొరను కదిలించే ప్రొటీన్ పోగులను, ఆపుతుంది. పొర పైకి లేచి చుట్టుకోదు, గంట లెక్కే పడిపోతుంది. బాఫిలోమైసిన్ ఎ1 (100 నానోమోలార్) ఆమ్లాన్ని పంపు చేసే వి-ఏటీపేజ్‌ను ఆపుతుంది. గంట లెక్క మారకుండా 4 గంటల లెక్క మాత్రమే ఎక్కువగా నిలిస్తే, మింగడం బాగానే ఉంది, చంపడం ఆగింది.

వోర్ట్‌మానిన్ (100 నానోమోలార్) దగ్గరే చాలామంది తడబడతారు. ఇది పీఐ3 కైనేజ్ అనే సంకేత ఎంజైమ్‌ను ఆపుతుంది. ఈస్ట్ లాంటి పెద్ద రేణువు చుట్టూ లేచిన పొర కప్పులా మూసుకోవడానికి ఆ కైనేజ్ తప్పనిసరి. చిన్న బ్యాక్టీరియాకు అంత అక్కర్లేదు, కాబట్టి గంట లెక్క పెద్దగా పడకపోవచ్చు. అయితే మింగినదాన్ని పట్టుకున్న లోపలి సంచి పక్వమై లైసోజోమ్ (అరిగించే ఎంజైమ్‌ల సంచి)తో కలవడానికి కూడా అదే కుటుంబపు కైనేజ్ కావాలి, దెబ్బ అక్కడ కనిపిస్తుంది. పైగా వోర్ట్‌మానిన్ మీడియంలో త్వరగా చెడిపోతుంది, నిన్న కలిపింది నేడు వాడొద్దు.

టీఎల్ఆర్4ను కూడా మింగించే సంకేతాల జాబితాలో కలిపేయకండి. అది ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం)ను పసిగట్టి అలారం మోగించే గ్రాహకం. యాంటీబాడీ పూత ఉన్న బ్యాక్టీరియాను పట్టి మింగించేది ఎఫ్‌సీ గ్రాహకం, దాని వెనక సిక్ కైనేజ్.

మూడు కంట్రోళ్లు లేకుండా ఏ అంకెనూ రాయొద్దు: మాక్రోఫేజ్‌లు లేని వెల్ (జెంటామైసిన్ తర్వాత సున్నా రావాలి), ఐస్ మీద ఉంచిన వెల్ (అతుక్కుంటాయి, మింగబడవు), ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే రంగు)తో కణాల బతుకు లెక్క. నిరోధకం కణాన్నే చంపితే చిల్లుపడిన పొర గుండా జెంటామైసిన్ లోపలికి పోయి అన్నీ చంపేస్తుంది.

ఇక వ్యర్థాలు. ద్రవాలను 1 శాతం హైపోక్లోరైట్‌లో 30 నిమిషాలు ఉంచండి, ప్లేట్లు ఆటోక్లేవ్ (ఆవిరి పీడనంతో శుద్ధి చేసే యంత్రం)కు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పీడనం తక్కువ. కుక్కర్ తరహా ఆటోక్లేవ్‌లో ముల్లు 15 పౌండ్ల దగ్గరుంటే లోపల 121 డిగ్రీలు రావు, ఒకటిన్నర డిగ్రీ తక్కువే ఉంటుంది. ఇక్కడ 16.5 పౌండ్ల దాకా తేవాలి, ఆ గుర్తును మూత పక్కన మార్కర్‌తో రాసిపెట్టండి.