బయానా ఇచ్చే ముందు ఒక్కసారి పంచాయతీ ఆఫీసు మెట్లెక్కండి: ఊరి వెంచర్లలో ప్లాటు కొనేవాళ్లకి జాగ్రత్తలు

దసరా దగ్గర పడుతోందంటే చాలు షాద్‌నగర్ రోడ్డు, చేవెళ్ల రోడ్డు, భువనగిరి వైపు ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే, గజం ఇంత, ఈ నెలాఖరు వరకే ఈ రేటు, బుక్ చేసుకున్నవాళ్లకి బంగారు నాణెం అని. ఆదివారం ఏసీ బస్సు పెట్టి తీసుకెళ్తారు, బిర్యానీ పెడతారు, తిరిగొచ్చేలోపు చేతిలో బయానా రసీదు ఉంటది. నేనీ పోస్టు దసరాకి ముందే రాస్తున్నది అందుకే, ఆ బస్సు ఎక్కే ముందు ఇది చదవండి, ఇంట్లో పెద్దోళ్లకి చదివి వినిపించండి.

మా బాబాయి సంగతితో మొదలుపెడతా. 2013లో ఓఆర్ఆర్ (హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) అవతల ఒక ఊళ్లో 200 గజాలు కొన్నాడు, లేఅవుట్ కాపీ మీద పంచాయతీ గుండ్రటి ముద్ర, సర్పంచ్ సంతకం ఉన్నాయి, రిజిస్ట్రేషన్ కూడా ఏ ఇబ్బందీ లేకుండా అయింది, ఇంకేం కావాలి అనుకున్నాం అందరం. 2020 ఆగస్టు 26న తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసింది, సరిగ్గా ఆ టైంలోనే చెల్లి పెళ్లి కుదిరింది, ప్లాటు అమ్మి పెళ్లి చేద్దాం అనుకున్న మనిషి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. డిసెంబర్ చివర్లో, అప్పటికే ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాట్లకి మళ్లీ వదిలారు గానీ అప్పటికి పెళ్లయిపోయింది, అప్పు మాత్రం మిగిలింది. ఆ ముద్ర అంటే ఏంటో 2013లో మాకు ఎవరైనా ఒక్క ముక్క చెప్పుంటే బాగుండేది.

ఇదీ ఆ ముక్క. లేఅవుట్‌కి టెక్నికల్ అనుమతి ఇచ్చే అధికారం గ్రామ పంచాయతీకి లేదు. దరఖాస్తు పంచాయతీకి వచ్చినా అది పై ఆఫీసుకి వెళ్లాల్సిందే, హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఐతే హెచ్ఎండీఏ, మిగతా చోట్ల చాలావరకు డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ), వాళ్లు మ్యాప్ చూసి ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్) ఇస్తారు. ఆ నంబర్ లేకుండా ఉత్త పంచాయతీ ముద్ర ఒక్కటే ఉందంటే అది అనుమతి లేని లేఅవుట్ అనే లెక్క. బ్రోచర్ మీద "జీపీ లేఅవుట్" అని, అంటే గ్రామ పంచాయతీ లేఅవుట్ అని గర్వంగా రాసుకుంటారు చూడండి, అక్కడే ఆగిపోండి.

ఇంకో మాట బాగా తిప్పుతారు, "నాలా కన్వర్షన్ అయిపోయింది సార్, ఇంకేం భయం" అని. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరగా మార్చడం వరకే, దానికి రెవెన్యూ వాళ్లకి డబ్బు కడితే అయిపోతది, ఆ భూమిలో రోడ్లేసి ప్లాట్లు కోసుకోవచ్చని దానర్థం కాదు. రెండూ వేరు వేరు కాగితాలు, రెండూ అడగండి.

మూడోది, అన్నింటికంటే ప్రమాదమైనది, "తర్వాత ఎల్ఆర్ఎస్ వస్తదిలే, రెగ్యులర్ చేయించుకోవచ్చు." ఎల్ఆర్ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లని ఫీజు కట్టించుకుని ప్రభుత్వం రెగ్యులర్ చేసే పథకం. 2015లో ఒకసారి వచ్చింది, 2020లో ఒకసారి వచ్చింది కాబట్టి జనం నమ్మేస్తారు. కానీ 2020 ఆగస్టు 31న వచ్చిన జీవో 131 చూడండి, 26-08-2020 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకే అది, ఆ తర్వాత కోసిన అనుమతి లేని వెంచర్‌కి ఆ తలుపు మూసేశారు. ఆ తేదీ లోపు కొన్నోళ్లకి కూడా తేలిగ్గా ఏం అవ్వలేదు, 2020 అక్టోబర్‌లో వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేసిన మా బాబాయి ఫైలు 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు కదిలింది. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టి రెగ్యులరైజేషన్ ఫీజు కాక రిజిస్ట్రేషన్ రోజున ప్లాటుకున్న విలువలో 14 శాతం అదనంగా వేస్తారు, అంటే ఆ రోజు విలువ 2 లక్షలు ఉంటే దానికే 28 వేలు. వెంచర్ వేసినోడు పార్కుకి వదలాల్సిన జాగా అమ్ముకుని లాభం తిన్నాడు, దాని డబ్బు మనం కట్టాం. చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు లోపల), వాననీళ్ల కాలువలో, ప్రభుత్వ భూమిలో ఉన్న ప్లాటుకైతే ఎంత కడతామన్నా రెగ్యులర్ చేయరు.

ఇక పంచాయతీ ఆఫీసుకి ఎందుకు వెళ్లాలి అంటారా, అనుమతి ఇవ్వదు గానీ ఊరి సంగతులు తెలిసేది అక్కడే. బ్రోకర్‌ని వెంటేసుకుని మాత్రం పోకండి, మీరే సర్వే నంబర్ రాసుకుని మామూలు పనిరోజున పోండి, పంచాయతీ సెక్రటరీని కలవండి, వాళ్లకి వంద పనులుంటాయి కాబట్టి మర్యాదగా కూర్చుని అడగండి. ఈ సర్వే నంబర్‌లో లేఅవుట్ ఫైలు మీ దాకా వచ్చిందా, ఎల్‌పీ నంబర్ ఎంత, రోడ్లు, పార్కు జాగా పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ చేశారా, చేస్తే దాని డాక్యుమెంట్ నంబర్ ఎంత. ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, నేను మాత్రం మొదట ఇదే అడగమంటా. గిఫ్ట్ డీడ్ లేకపోతే ఆ పార్కు కాగితాల మీద ఇంకా వెంచర్ వేసినోడిదే, నాలుగేళ్లకి రేటు పెరిగాక దాన్నే నాలుగు ప్లాట్లు చేసి అమ్ముతాడు. మా బాబాయి లేఅవుట్‌లో జరిగింది అచ్చంగా ఇదే, బ్రోచర్‌లో పిల్లల పార్కు అని పచ్చ రంగేసిన చోట ఇప్పుడు రెండు ఇళ్లు లేచాయి, వాటిని కొన్నవాళ్లు కూడా మనలాంటి మధ్యతరగతి వాళ్లే, ఎవరిని తిట్టాలి.

నోటి మాటతో పని కాకపోతే సమాచార హక్కు కింద రాసివ్వండి, గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బ్రోకర్ "అప్పటిదాకా ప్లాటు ఆగదు" అంటాడు, ఆగకపోతే పోనీండి.

పాత తేదీల కాగితాల విషయం కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే ఇది కళ్లతో చూసి పట్టుకోగలిగేది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయింది, 2025 డిసెంబర్‌లో మూడు విడతల ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతిలో ఉన్నాయి. అంటే 2024 ఆగస్టు తేదీతో సర్పంచ్ సంతకం ఉన్న కాగితం ఎవరైనా మీకు చూపిస్తే ఆ సంతకం చేసే సర్పంచ్ అప్పుడు లేడు. అలాగే 2020 ఆగస్టుకి ముందు తేదీ వేసి పాత సర్పంచ్ సంతకంతో తెచ్చే లేఅవుట్ కాపీలు కూడా అనుమానంగానే చూడాలి, తీర్మానం నంబర్ అడిగి పంచాయతీ మినిట్స్ పుస్తకంలో అదే తేదీన అదే నంబర్‌తో అది ఉందో లేదో చూపించమనండి.

ఊరు ఎవరి కింద ఉందో కూడా ఇప్పుడు కొత్తగా కనుక్కోవాల్సిందే. 2024 సెప్టెంబర్‌లో ఓఆర్ఆర్ చుట్టుపక్కల 51 పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి, 2025 మార్చిలో హెచ్ఎండీఏ పరిధి పెంచారు, 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీకి వేరే అథారిటీ పెట్టారు. కలిసిపోయిన ఊరి పాత ఫైళ్లు, ఆ ఊరు ఇప్పుడు ఏ మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ కింద ఉంటే ఆ ఆఫీసులో వెతుక్కోవాలి, "పంచాయతీ లేదు కదా, ఎవర్ని అడుగుతాం" అని వదిలేయొద్దు.

ఆఫీసు పని అయ్యాక పొలం దగ్గరికి పోండి, వీలైతే వానాకాలంలోనే, ఒక పెద్ద వాన పడ్డ మర్నాడు. జనవరిలో చూస్తే ప్రతి ప్లాటూ బల్లపరుపుగానే ఉంటది, ఆగస్టులో పోతే మోకాలి లోతు నీళ్లలో హద్దు రాళ్ల తలలు కనిపిస్తాయి. పక్క చేలో పని చేసే పెద్దమనిషిని పలకరించండి, చాయ్ తాగించండి, ఇది శిఖం భూమా (చెరువు నీళ్లు నిలిచే భూమా), చెరువు నిండితే నీళ్లు ఎందాక వస్తాయి, అలుగు నీళ్లు ఎటు పోతాయి అని అడగండి, ఏ వెబ్‌సైటులోనూ దొరకని జవాబు అక్కడ దొరుకుతుంది. రూల్ ఏంటంటే 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకి 9 మీటర్లు బఫర్ వదలాలి, అందులో ఇల్లు కట్టనివ్వరు. చెరువుల మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో పెట్టారు, చూసుకోండి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక జనానికి బాగా అర్థమైన విషయం ఒకటుంది, రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను కడుతున్నాం, కరెంట్ మీటర్ ఉంది అన్న కాగితాలేవీ చెరువులో ఉన్న కట్టడాన్ని కాపాడలేదు.

కాగితాల్లో 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే సర్టిఫికెట్) తీయండి, లింక్ డాక్యుమెంట్లు అన్నీ అడగండి, పాత పహాణీలు (భూమి ఎవరి పేరున ఉందో చూపించే రెవెన్యూ రికార్డులు) చూడండి, సర్వే నంబర్ 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టులో) ఉందేమో చూడండి, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి), వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు అందులో ఉంటాయి. మొత్తం సర్వే నంబర్ కాకుండా దాని బై నంబర్‌తో సహా చూడాలి, 145 బాగానే ఉండొచ్చు, 145/అ అసైన్డ్ కావచ్చు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉండాలి, అది లేకుండా ప్రకటనలే వేయకూడదు, "ప్రీ లాంచ్" అన్నారంటే ఇంకా ఆ నంబర్ రాలేదని అర్థం.

ఎల్‌పీ నంబర్ ఉన్నా అది డ్రాఫ్టా ఫైనలా అడగండి. డ్రాఫ్ట్ దశలో రోడ్లు, డ్రైన్లు వేస్తానన్న హామీకి కొన్ని ప్లాట్లు మార్టగేజ్ (తనఖా) పెట్టించుకుంటారు, పనులు పూర్తయ్యాకే విడిపిస్తారు. అవి ఏ నంబర్లో లేఅవుట్ కాపీ మీదే ఉంటాయి, వాటిని "ఇది కార్నర్ బిట్టు సార్, మీకోసం రేటు తగ్గించా" అని అమ్మే వాళ్లున్నారు.

ఫామ్ ప్లాట్ల గురించి ఒక్క మాట. ఎకరం అంటే 40 గుంటలు, గుంట అంటే 121 గజాలు, ఆ లెక్కన రెండు మూడు గుంటలు మామిడి మొక్కలు పెట్టి అమ్ముతారు. కాగితం మీద అది వ్యవసాయ భూమి, లోపల వేసిన రోడ్డు ఎవరి పేరా ఉండదు, రేపు ఇంటికి పర్మిషన్ అడిగితే రాదు. ఉమ్మడిగా పది మంది పేర రాసిస్తే ఇంకా కష్టం, మీ భాగం ఏ మూల ఉందో ఏ కాగితమూ చెప్పదు.

బయట కొనేవాళ్లకే కాదు, ఇంట్లో పంచుకునేవాళ్లకి కూడా ఇదే జాగ్రత్త. నాన్న కొన్న 300 గజాలు అన్నదమ్ములిద్దరూ చెరి సగం చేసుకుంటారు, ముందు భాగం అన్నకి, వెనక భాగం తమ్ముడికి, మధ్యలో నాలుగడుగుల సందు, ఇప్పుడు ఇద్దరికీ మాటలున్నాయి కాబట్టి సరిపోతది. పదేళ్ల తర్వాత అన్న తన భాగం అమ్మేస్తే కొన్నవాడు ఆ సందులో మెట్లు కడతాడు, వెనక తమ్ముడు బండి ఎక్కడ పెట్టాలి, సెప్టిక్ ట్యాంక్ లారీ ఎటు నుంచి రావాలి. కాబట్టి దారి వెడల్పు అడుగుల్లో, ఇద్దరికీ హక్కు ఉన్నట్టు, స్కెచ్‌తో సహా పార్టిషన్ డీడ్‌లోనే రాయించండి, రిజిస్టర్ చేయించండి. ప్లాటుని రెండు చేస్తున్నామని లోకల్ బాడీలో సబ్‌డివిజన్‌కి కూడా అడగండి, అడక్కుండా సగం అమ్మేస్తే కొన్నవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు పర్మిషన్ దగ్గర ఆగిపోతారు, అప్పుడు వచ్చి మీ తలుపే కొడతారు. గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్లుండే పాత స్థలంలో) ఇంటి జాగా ఐతే చాలా మందికి ఇంటి పన్ను రసీదు తప్ప కాగితమే ఉండదు, ఆ రసీదు పన్ను కట్టినట్టు సాక్ష్యమే గానీ హక్కు పత్రం కాదు, పంచుకునే ముందు ఊరి పెద్దలు, పక్కింటి వాళ్ల ఎదుట కొలిపించి హద్దులు రాసుకోండి.

ఇప్పటికే కొనేసి ఉంటే భయపడి కూర్చోకండి. మీ లేఅవుట్‌లో కొన్నవాళ్లని ఒక వాట్సాప్ గ్రూపులోకి తీసుకురండి, ఒక్కరు పోయి అడిగితే సెక్రటరీ రేపు రమ్మంటాడు, ఇరవై మంది సంతకాలతో పోతే ఫైలు తీస్తాడు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, పార్కు జాగా, రోడ్డు కబ్జా, డ్రైనేజీ సంగతి అక్కడ లేవనెత్తండి, మాట్లాడింది మినిట్స్‌లో రాశారో లేదో చూడండి, కాపీ అడగండి. ఊరివాళ్లతో గొడవ పెట్టుకునే పని లేదు, చాలా చోట్ల వాళ్లకీ ఆ పార్కు కావాలి, బతుకమ్మ ఆడుకోడానికి జాగా లేక రోడ్డు మీద ఆడుతున్నారు ఆడవాళ్లు.

ఖాళీ ప్లాటు ఉంటే ఏడాదికి రెండుసార్లైనా పోండి, హద్దు రాళ్లు ఉన్నాయో లేవో చూసి ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీసుకోండి, ఈసీ ప్రతి ఏడాది ఒకసారి తీసి చూడండి, అదే ప్లాటు ఇంకొకరికి రిజిస్టర్ చేసిన సంగతి ముందు బయటపడేది ఈసీలోనే. మా బాబాయి ఇప్పుడు ప్రతి సంక్రాంతికీ పోతాడు, చుట్టూ పిచ్చి చెట్లు కొట్టించి నాలుగు రాళ్లకీ సున్నం వేసి వస్తాడు, పోయినసారి నన్నూ తీసుకెళ్లాడు, ఒక రాయి పక్కకి జరిగి ఉంటే ఆ మధ్యాహ్నమంతా టేపు పట్టుకుని కొలుస్తూనే ఉన్నాం.