తెరల కాలంలో స్పర్శజ్ఞానానికి మళ్లీ పదును పెట్టుకోవడం ఎలా?

ఫోన్ తెర మీద పట్టుబట్ట కనిపించినా, చెట్టు బెరడు కనిపించినా వేలికి తగిలేది ఒకే గాజు. 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మొనలను సైతం వేరువేరుగా గుర్తుపట్టగల వేలికొసలకు రోజంతా ఆ ఒక్క నునుపునే అందించడం నిజంగా పెద్ద నష్టం. స్పర్శ కదిలే చేతికే బాగా తెలుస్తుంది కాబట్టి, కింది సాధనలో ముఖ్యమైనది ఆ కదలికే.

1. చేతులను ఖాళీ చేసుకోండి

ఫోన్‌ను వేరే గదిలో పెట్టి, చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి. పది నిమిషాలు చాలు.

2. ఒకే వస్తువు తీసుకుని కళ్లు మూసుకోండి

తువ్వాలు, పాత పుస్తకం, చెక్క పెట్టె, ఏదైనా సరే. చూపు ముందే జవాబు చెప్పేస్తే చేయి వెతకడం మానేస్తుంది.

3. తెలుసుకోవాల్సినదాన్ని బట్టి చేతిని కదిలించండి

సూసన్ లెడర్‌మన్, రాబర్టా క్లాట్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో ప్రచురించిన పరిశోధనలో, మనం గరుకుదనం తెలుసుకోవడానికి అటూ ఇటూ రుద్దుతామనీ, గట్టిదనానికి నొక్కుతామనీ, బరువుకు చేతిలోకి ఎత్తి చూస్తామనీ, ఆకారానికి అంచుల వెంట వేలు నడుపుతామనీ వివరించారు. తువ్వాలుతో ఈ కదలికలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసి చూడండి. ఒకవైపు నిమిరితే దారపు ఉచ్చులు మెత్తగా వాలిపోతాయి, ఎదురు నిమిరితే వేలిని కాస్త అడ్డుకుంటాయి. అంచు దగ్గరికి వచ్చేసరికి మడిచి కుట్టిన గట్టి గీత, దానిలో వరసగా చిన్న చిన్న గుంటలు తగులుతాయి. అంత అల్లిక ఉన్నదని కంటికి ఎప్పుడూ తోచి ఉండకపోవచ్చు.

తర్వాత ఒకే గదిలో ఉన్న చెక్క గరిటెను, స్టీలు గరిటెను చెరొక చేత్తో పట్టుకోండి. రెండింటి ఉష్ణోగ్రత ఒకటే అయినా, లోహం చేతి వేడిని త్వరగా లాగేసుకుంటుంది కాబట్టి స్టీలే చల్లగా అనిపిస్తుంది.

4. అనుభూతి తగ్గగానే కదలండి

ఒంటిమీద బట్టలున్న సంగతి కాసేపటికే మరిచిపోతాం, ఎందుకంటే మారని ఒత్తిడికి నాడులు స్పందించడం తగ్గిస్తాయి. చేతిని ఎత్తి మళ్లీ ఆనించండి.

5. ఆత్మీయుల స్పర్శకు సమయం ఇవ్వండి

వెంట్రుకలున్న చర్మంలోని కొన్ని సన్నని నాడీతంతువులు సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరినప్పుడు బాగా స్పందిస్తాయి. అందుకే హడావిడిగా తట్టి వెళ్లిపోవడం కన్నా, ముంజేతిని నెమ్మదిగా నిమరడం ఎంతో హాయినిస్తుంది. ఎంత దగ్గరివారైనా ముందు అడగండి. వద్దంటే అక్కడితో ఆపండి.

ఈ సాధనలో వేళ్లు మొద్దుబారినట్టు అనిపించినా, వేడి చల్లదనాల తేడా సరిగా తెలియకపోయినా అది అభ్యాసంతో సరిపోయేది కాకపోవచ్చు. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిన్నప్పుడు కూడా అలా జరుగుతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.